బుల్లి కెమేరా బేరం

మొన్నొక ఆదివారం పొద్దున్నే మా బామ్మర్ది ఊడిపడ్డాడు. బామ్మర్ది అంటే మా మేనమామ కొడుకు. ఇంజనీరింగు మూడో సంవత్సరం. బుర్రలో సగం సినిమాలు, మిగతా సగం సినిమా పాటలు. పటమటలో మా వాటా గుమ్మంలోనే నిలబడి, చెప్పులైనా విప్పకుండా "బావా, నాకో కెమేరా కావాలి" అన్నాడు.

"ఫోను వుందిగా?"

"ఫోను కాదు, కెమేరా. జేబులో పట్టాలి. రోజూ తీసుకెళ్ళేలా వుండాలి."

"ఎంత వుందేమిటి నీ దగ్గర?"

రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట తీసి చేతిలో పెట్టాడు. 27 వేలు! ముహూర్తాల రోజుల్లో క్యాటరింగు వాళ్ళతో వెళ్ళి, పెళ్ళి పందిళ్ళలో వడ్డన చేసి కూడబెట్టాడట. కట్టకి ఇంకా గుత్తివంకాయ వాసన పోలేదని జోకేశాను. వాడు నవ్వలేదు. అప్పుడే నాకు అనుమానం రావల్సింది, రాలేదు.

పత్రికలకి రాసేవాడికి ప్రపంచంలో సమస్తమూ తెలుసునని మా చుట్టాలందరికీ ఓ నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం నాకిష్టం లేదు. అన్చేత కాఫీ తాగి బయల్దేరాం.

అసలు సంగతేమిటంటే వాడికిది రెండో కెమేరా. మొదటిది వేసవిలో ఆన్‌లైనులో కొన్నాడు. ఊరూ పేరూ లేని కంపెనీ, డబ్బా మీద మాత్రం "64 మెగాపిక్సెల్, 16 రెట్లు జూమ్" అని బంగారు అక్షరాలు! నాలుగు వేలు. ఆ కెమేరాతో మధ్యాహ్నం తీస్తే ముగ్గురు మనుషులు ముగ్గురు మైనపు బొమ్మల్లా వచ్చారు. సాయంత్రం తీస్తే బెంజి సర్కిల్ ఫ్లయ్ఓవరు కాస్తా బూడిదరంగు గుమ్మడికాయలా వచ్చింది. వెనక్కి పంపడానికి గడువు దాటిపోయింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇలాంటి వాటిల్లో చాలా మటుకు ఆ 64 అనేది లోపలి యంత్రం పట్టిన లెక్క కాదు, పట్టిన కాస్త బొమ్మనీ సాగదీసి చెప్పిన లెక్క. పూరీ పిండి అంతే వుంటుంది, అప్పడాల కర్రతో వొత్తి మైదానం చేస్తారు. జూమ్ కూడా అంతే. లెన్సు కదలదు, బొమ్మని మధ్యలో కత్తిరించి పెద్దది చేసి చూపిస్తుంది. డబ్బా మీద "డిజిటల్ జూమ్" అని వుంటే దాన్ని లెక్కలోంచి కొట్టేయండి. "ఆప్టికల్" అని వున్నదే జూమ్.

ఈ బుల్లి కెమేరాల పిచ్చి మా వాడొక్కడిదే కాదు. 2010లో ప్రపంచం మొత్తం మీద ఇలాంటి చిన్న డిజిటల్ కెమేరాలు పది కోట్లు దాటి అమ్ముడుపోయాయి. తరవాత సెల్‌ఫోను వచ్చి వాటి పీక నొక్కింది. 2023 నాటికి ఏడాదికి ఇరవై లక్షలకి లోపే. పోయాయనుకున్న తరుణంలో మీ ఈడువాళ్ళు అన్నయ్యల బీరువాల్లోంచీ, అత్తయ్యల సూట్‌కేసుల్లోంచీ పాత కెమేరాలు తవ్వి తీసి, ఫ్లాషు కొట్టి, ఎర్రటి కళ్ళతో ఫోటోలు దిగడం మొదలెట్టారు. ఫెయిలైన సినిమా రెండో విడుదలలో సిల్వర్ జూబిలీ ఆడినట్టు!

అన్నట్టు, దీని పుట్టుక కూడా సినిమాతో ముడిపడిందే. 1975లో మన పెద్దవాళ్ళు హాళ్ళ ముందు క్యూ కట్టి 'ముత్యాల ముగ్గు' చూస్తున్న రోజుల్లో, అమెరికాలో కోడక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే కుర్ర ఇంజనీరు మొట్టమొదటి చేతికెమేరా లాంటి డిజిటల్ యంత్రం కట్టాడు. దాని లెన్సు ఎక్కడిదనుకున్నారు? సూపర్ 8 మూవీ కెమేరాది! బరువు మూడున్నర కిలోల పైచిలుకు. మొత్తం పదివేల చుక్కల బొమ్మ, అదీ నలుపు తెలుపు. ఒక్క ఫోటో పాటల క్యాసెట్టు లాంటి టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. ఆ కంపెనీయే 2012లో దివాలా పిటిషను పెట్టుకుంది. ఇప్పుడు కోడక్ పేరుతో దొరికే బుల్లి కెమేరాలు నిజానికి ఆ కంపెనీ చేసేవి కావు. జేకే ఇమేజింగ్ అనే వేరే సంస్థ ఆ పేరు లైసెన్సుకి తీసుకుని అమ్ముతోంది. పాత హీరో పేరు పెట్టుకున్న కొత్త హీరోలు మనకీ వున్నారు గనుక ఆశ్చర్యపోనక్కర్లేదు.

సరే, బీసెంటు రోడ్డుకి వెళ్ళాం. కెమేరాల కొట్లో కౌంటరు వెనక కుర్రాడు "చిన్న కెమేరాలా? అవెవరు కొంటున్నారు సార్ ఇప్పుడు!" అని మమ్మల్ని జాలిగా చూసి, రెండు లెన్సులున్న పెద్ద కెమేరా ఒకటి బల్ల మీద పెట్టాడు. బ్యాగు ఉచితం, ట్రైపాడ్ ఉచితం. మా వాడు దాన్ని మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, బాగానే వున్నాడు. 'రంగం' (2011)లో జీవాలా వున్నావని అన్నాను కూడా. ఆ సినిమా తీసిన కె.వి. ఆనంద్ మొదట పత్రికలకి ఫోటోలు తీసి బతికినవాడే. ఆ తరవాత పి.సి. శ్రీరామ్ దగ్గర చేరి ఛాయాగ్రాహకుడయ్యాడు, దర్శకుడయ్యాడు. 2021లో పోయాడు పాపం.

అద్దంలో రెండు నిమిషాలు చూసుకుని, మా వాడు కెమేరా తీసి బల్ల మీద పెట్టేశాడు.

"దీంతో కుదరదు బావా."

"ఎందుకు కుదరదు?"

"పెద్దది" అన్నాడంతే.

రెండో కొట్లో 40 రెట్లు జూమ్ వున్నది చూపించారు. కనకదుర్గమ్మ కొండ మీద మెట్లు ఇక్కణ్ణుంచే లెక్కపెట్టొచ్చట! అదీ వద్దన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీకేం కావాలో నీకే తెలీదురా" అని కసిరి, ఇంటిదారి పట్టాను. ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

పటమట హైస్కూలు రోడ్డులో దిగాక, పోనీ ఈయన్నీ అడిగి చూద్దామని ఒక పాత ఫోటో స్టూడియోలోకి తీసుకెళ్ళాను. ఆ స్టూడియో ఆయన నాకు బాగా తెలుసు. డార్క్‌రూములో ఎర్రబల్బు కింద నెగెటివులు కడిగిన చేతులు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలూ, ఆధార్ జిరాక్సులూ. మా ఇద్దర్నీ స్టూలు మీద కూర్చోబెట్టి, నన్ను వదిలేసి వాణ్ణే అడిగాడు:

"ఎవర్ని తీస్తావు బాబూ? ఎక్కడ తీస్తావు?"

చూశారా, పొద్దుటినుంచీ అటు కొట్లవాళ్ళు గానీ, ఇటు సమస్తమూ తెలిసిన నేను గానీ ఆ ముక్క అడగలేదు.

వాడు కాసేపు ఊరుకుని, "మా నాన్నని" అన్నాడు. "ఆటోనగర్‌లో. సంక్రాంతికి షెడ్డు ఇచ్చేస్తున్నాడు."

ఇక్కడ మా మామయ్య సంగతి చెప్పాలి. జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఆయనది. బెజవాడ బాడీ అంటే లారీల వాళ్ళలో ఎంత పేరో మీ నాన్నగార్లని అడగండి. చట్రం ఒక్కటే వచ్చేది. క్యాబినూ, తలుపులూ, వెనక తొట్టీ అంతా ఇక్కడే చెక్కతోనూ రేకుతోనూ కట్టి, రంగులేసి, పూలు చిత్రించి పంపేవాళ్ళు. ఇప్పుడు చాలా లారీలు క్యాబినుతో సహా కంపెనీ నుంచే వచ్చేస్తున్నాయి. మామయ్యకి మోకాళ్ళూ సహకరించడం లేదు. ముప్పయ్యేళ్ళు నడిపిన షెడ్డు ఖాళీ చేస్తున్నాడని నాకూ తెలుసు. తెలిసి "అయ్యో" అని ఊరుకున్నాను. ఇంట్లో ఆయన పని చేస్తుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదన్న సంగతి మాత్రం వీడికొక్కడికే తట్టింది.

"ఫోను ఎత్తితే నాన్న పని ఆపేస్తాడండీ" అన్నాడు స్టూడియో ఆయనతో. "'రీల్సా? పోరా' అంటాడు. పెద్ద కెమేరా అయితే ఇంకా కష్టం. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, అటెన్షన్లో నిలబడతాడు. షెడ్డులో చీకటి. రెండు ట్యూబులైట్లు, రేకు సందుల్లోంచి వచ్చే ఎండ, అంతే."

వాడు పెద్దది వద్దనడానికీ, 40 రెట్ల జూమ్ వద్దనడానికీ అర్థం అప్పటికి తెలిసింది నాకు. పొద్దున్న గుత్తివంకాయ జోకు గుర్తొచ్చి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్టూడియో ఆయన లేచి, గోడకి తగిలించిన పటాల వంక చూసి, నాతో "రిపోర్టరు గారూ, మీ అమ్మమ్మగారి ఫోటో గుర్తుందా?" అన్నాడు.

గుర్తులేకేం! రెండేళ్ళ కిందట అమ్మమ్మ పోయినప్పుడు, పెద్దకర్మ నాటికి పటం కట్టించాలని ఈయన దగ్గరికే పరిగెత్తుకొచ్చాం. ఇంట్లో ఇరవై ఫోన్లున్నాయి. ప్రతి ఫోనులోనూ అమ్మమ్మ వుంది. కానీ ఎలా? ఎవరిదో సెల్ఫీలో మూలన సగం మొహం. ముడతలన్నీ చెరిపేసి ఎవరో పక్కింటావిడలా చేసిన మొహం. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి, కుదించుకుపోయి, పెద్దది చేస్తే చీపురు పుల్లలుగా విడిపోయే మొహం. ఈయన ఒక్కొక్కటే చూసి "అసలు ఫైలు ఎవరి దగ్గరుందండీ?" అని అడిగితే, ఫోను మార్చినప్పుడు పోయిందని ఒకరూ, జాగా లేదని చెరిపేశామని ఒకరూ.

చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? మా అన్నయ్య 2008లో ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న కానన్ పవర్‌షాట్ ఏ590 తీసిన ఫోటో, పాత కంప్యూటరులో. అమ్మమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎవర్నో తిడుతూ వుంది. 8 మెగాపిక్సెల్, అంటే ఎనభై లక్షల చుక్కలు. దాన్ని 12 అంగుళాలకి 18 అంగుళాల పటం చేస్తే చేతిలో చిక్కుడు గింజ కూడా తెలిసింది. మా వాడు కొన్న 64 మెగాపిక్సెల్ మహమ్మారి పక్కన ఈ ఎనిమిది పెట్టి చూసుకోండి! పైగా ఆ కెమేరా మామూలు పెన్సిలు సెల్లులు రెండు వేస్తే నేటికీ పని చేస్తోంది.

"మరి అదే ఇచ్చేయొచ్చుగా వాడికి?" అన్నాను.

"అది వరండా ఎండలో తీసింది కాబట్టి అలా వచ్చింది. షెడ్డు చీకట్లో రాదు" అన్నాడాయన. ఇక్కడ ఆయన చెప్పినది జాగ్రత్తగా వినండి. అసలు కథ ఇదే.

కెమేరాలో ఫిలిం వుండాల్సిన చోట సెన్సర్ అనే బిళ్ళ వుంటుంది. మన సినిమా సెన్సారు కాదు, ఇది దేన్నీ కత్తిరించదు. వెలుగుని పట్టుకుంటుంది, అంతే. వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో గ్లాసు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి? పళ్ళెం పెడితే ఎన్ని పడతాయి? కుండపోతగా కురిస్తే గ్లాసైనా నిండుతుంది. తుంపర పడేటప్పుడే తేడా. ఎండ కుండపోత, షెడ్డు తుంపర. మామూలు చౌక బుల్లి కెమేరాలో సెన్సర్ ఇంచుమించు 6 మిల్లీమీటర్లకి నాలుగున్నర. మీ చిటికెనవేలి గోరులో సగం! "ఒక అంగుళం" రకం అని ఇంకొకటి వుంది. పేరులో తప్ప దానిలో అంగుళం ఎక్కడా లేదు, పూర్వం టీవీ కెమేరాల గొట్టాల కొలతల నుంచి ఆ పేరు మిగిలిపోయింది. అసలు కొలత 13.2 మిల్లీమీటర్లకి 8.8. వైశాల్యం లెక్కకడితే చిన్నదానికి నాలుగింతలు. చుక్కలెన్నని అడిగేముందు పళ్ళెం ఎంతని అడగాలి.

మరో ముక్క కూడా చెప్పేస్తాను, అమ్మేవాళ్ళు చెప్పరు గనుక. ఈ రోజుల్లో మంచి ఫోనులో ప్రధాన కెమేరా సెన్సర్ ఆ చౌక బుల్లి కెమేరా సెన్సర్ కన్నా పెద్దది. అన్చేత పగటిపూట స్నేహితులతో సరదా ఫోటోలకే అయితే మీ ఫోనుని మించినది ఐదారు వేలల్లో దొరకదు. పాత ఫ్లాషు అందం కావాలంటే మాత్రం కొత్తది కొనకండి, ఇంట్లో అటకెక్కి వెతకండి. దొరికితే, అది ఏ కార్డు తీసుకుంటుందో ముందు చూడండి. మామూలు ఎస్‌డీ కార్డు అయితే గట్టెక్కినట్టే. కొన్ని పాత ఒలింపస్, ఫ్యూజీ కెమేరాలకి ఎక్స్‌డీ అనే కార్డు కావాలి. దాన్ని చెయ్యడం మానేసి ఏళ్ళయింది.

సెన్సర్ తరవాత లెన్సు. లెన్సు చుట్టూ చిన్న అంకెలుంటాయి, ఎఫ్ 1.8 అనో 3.5 అనో. అంకె చిన్నదయినకొద్దీ కిటికీ పెద్దది. ఎఫ్ 5.6 కిటికీకీ ఎఫ్ 1.8 కిటికీకీ లోపలికొచ్చే వెలుగులో తేడా ఇంచుమించు పదింతలు! వెన్నెల అంటే 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లీ చూపించినదే అని మనందరం ఒప్పుకున్నాం కదా. ఆయనకి స్టూడియో దీపాలున్నాయి. మనకి వున్నవల్లా ట్యూబులైటూ, ఈ అంకే.

ఇంతవరకూ చెప్పి స్టూడియో ఆయన సొరుగులోంచి గుడ్డలో చుట్టిన కెమేరా ఒకటి తీశాడు. సోనీ ఆర్‌ఎక్స్100. 2012లో వచ్చిన మొదటి మోడలు. ఒక అంగుళం సెన్సర్, ఎఫ్ 1.8 లెన్సు, 20 మెగాపిక్సెల్. బరువు బ్యాటరీతో కలిపి 240 గ్రాములు, పావుకిలో బెండకాయల లోపు. పెళ్ళిళ్ళకి పెద్ద కెమేరాలు మోసీ మోసీ, తన సొంతానికని కొనుక్కున్నాడట. కళ్ళు మసకబారాక వాడడం తగ్గింది.

బేరానికి ముందు ఆయనే తన కెమేరాకి పరీక్ష పెట్టి చూపించాడు. ఎంత పెద్దమనిషో చూడండి! ఆన్ చేసి లెన్సు బయటికొచ్చే చప్పుడు వినమన్నాడు. కరకరమంటే లోపల ఇసక వున్నట్టు, అలాంటిది వదిలేయాలి. తెల్లగోడ వైపు తిప్పి, కిటికీ బాగా మూసి, అంటే ఎఫ్ 11లో పెట్టి ఒక ఫోటో తీశాడు. సెన్సర్ మీద దుమ్ముంటే నల్లమచ్చలు కనబడతాయి. ఇటువంటి కెమేరాలో లెన్సు ఊడదు గనుక దుమ్ము చేరితే మెకానిక్కు దగ్గర విప్పించాల్సిందే. తరవాత టార్చిలైటు వేసి లెన్సులోకి వాలుగా చూడమన్నాడు. సాలెగూడు లాంటి పోగులు కనబడితే బూజు పట్టినట్టు. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి తోలుసంచీలో పెట్టి బీరువాలో దాచిన కెమేరాలు చాలా మటుకు అలాగే పోతాయట. గాలి చొరని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే ఆ సిలికా పొట్లాలు పడేసి, అందులో పెట్టుకోవాలి. చివరికి బ్యాటరీ. ఈ మోడలుకి కావలసిన బ్యాటరీ ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. పాత కెమేరాల్లో చాలా వాటికి దొరకదు. బ్యాటరీ దొరకని కెమేరా బొమ్మ కెమేరాయే.

దోషాలు కూడా దాచలేదు. దీనికి కన్నుపెట్టి చూసే గాజుకన్నం లేదు. రోహిణీకార్తె ఎండలో వెనక తెర మీద ఏమీ కనబడదు, అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. జూమ్ పూర్తిగా లాగితే కిటికీ ఎఫ్ 4.9కి మూసుకుపోతుంది, వెలుగు ఏడో వంతుకి పడిపోతుంది. "అంచేత బాబూ, చీకట్లో జూమ్ ముట్టుకోకు. నాలుగడుగులు ముందుకి వెయ్యి. నాన్నే కదా, కొట్టడుగా!"

22 వేలన్నాడు. నేను బేరం మొదలెట్టబోతే మా వాడు నా మోచెయ్యి గిల్లాడు. పెద్దాయన నవ్వి, "19,500 ఇవ్వు. రెండో బ్యాటరీ, కార్డు కూడా ఇస్తాను. మొదటి ప్రింటు నా దగ్గరే వేయించాలి, అదీ షరతు" అన్నాడు.

మీలో ఎవరైనా ఇంకా పెద్ద పళ్ళెం కావాలంటే వున్నాయి. రికో జీఆర్ త్రీ (2019) జేబులో పడుతుంది, సినిమా కెమేరాలంత సెన్సర్, కాకపోతే జూమూ లేదు, ఫ్లాషూ లేదు. 2024లో వచ్చిన ఫ్యూజీ ఎక్స్100 సిక్స్ అరకిలో పైన, ధర లక్షన్నర పైమాటే. హీరోయిన్ల మెళ్ళో చూసి మోజు పడ్డవాళ్ళు మోజుగానే వుంచుకోవడం మంచిది. కానన్ జీ7 ఎక్స్ రకాలు కూడా ఒక అంగుళం సెన్సరువే. వీడియోల పిల్లలు ఎగబడడంతో వాటి పాతవి కూడా బిర్రుగా వున్నాయి. మా వాడి కట్టకి సరిపోయింది ఇదీ.

కెమేరా జేబులో పడగానే వాడి స్నేహితులు పదిమంది పోగయ్యారు. వచ్చే శుక్రవారం గాంధీనగరంలో మొదటి ఆట, కటౌటు దగ్గర పాలాభిషేకం, తియ్యాలి! తీసుకోండి నాయనా. పేలాలూ, పేపరు ముక్కలూ, చొక్కాలు చింపుకునే అన్నలూ... ఇంతకన్నా మంచి ఫోటో ఎక్కడ దొరుకుతుంది? తెరమీద బొమ్మ మొదలయ్యాక మాత్రం కెమేరా జేబులోంచి తియ్యకండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించారు. హాల్లో సినిమాని రికార్డు చేస్తే తక్కువలో తక్కువ మూడు నెలలు జైలు, మూడు లక్షలు జుర్మానా. కెమేరా ఖరీదుకి పదిహేనింతలు!

ఇక షెడ్డు. మొదటి రోజు మా వాడు 140 ఫోటోలు తీశాడు. ఒక్కటీ పనికిరాలేదు. అన్నిట్లోనూ మామయ్య పెళ్ళిచూపులకొచ్చినవాడిలా బిగుసుకుని వున్నాడు. సాయంత్రం నాకు చూపించి, డబ్బు దండగ చేశానేమోనన్నట్టు మొహం పెట్టాడు. 'ముత్యాల ముగ్గు'కి జాతీయ అవార్డు తెచ్చుకున్న ఇషాన్ ఆర్య గురించి ఏదో చెప్పబోయాను గానీ, నాకే సిగ్గేసింది. "రేపు తియ్యకు. ఊరికే జేబులో పెట్టుకుని వెళ్ళు, పలకలు అందివ్వు" అన్నాను. పొద్దుట్నుంచీ నేనన్న మాటల్లో పనికొచ్చింది అదొక్కటే.

వాడు కాలేజీ అయ్యాక రోజూ వెళ్ళాడు. పలకలు అందించాడు. టీ తెచ్చాడు. మధ్యమధ్య కెమేరా తీసి, చప్పుడు రాకుండా పెట్టుకుని, ఒకటో రెండో. మామయ్య మొదట కసిరాడు, తరవాత విసుక్కున్నాడు, తరవాత మర్చిపోయాడు.

తొమ్మిదో రోజున నేనూ వెళ్ళాను. షెడ్డులో ఒకే ఒక లారీ వుంది. మామయ్య పెదాల మధ్య నాలుగు మేకులు పట్టుకుని, క్యాబిను తలుపుకి చివరి పలక బిగిస్తున్నాడు. రేకు సందులోంచి ఎండ సరిగ్గా ఆయన ముంజేతి మీద పడుతోంది. మా వాడు నాలుగడుగులు ముందుకి వేశాడు. జూమ్ ముట్టుకోలేదు. నొక్కాడు. నాకు తెర మీద చూపించాడు. మేకులు నాలుగూ లెక్కపెట్టొచ్చు. రంపప్పొడి వెంట్రుకల్లో వుంది. మామయ్య కళ్ళు పలక మీదే వున్నాయి, లోకంలో ఇంకేమీ లేనట్టు. నేను మాట్లాడలేకపోయాను.

"ఏంటిరా అల్లుడూ, ఇద్దరూ గుసగుసలు?" అంటూ మామయ్య మేకులు చేతిలో వూసుకుని వచ్చాడు. అద్దాలు పైకి తోసుకుని, కెమేరా వెనక తెర దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమంటాడోనని మా వాడు ఊపిరి బిగపట్టాడు.

"ఓరి నీ దుంపతెగ! పెన్సిలు నా చెవి మీదే వుందీ? గంట నుంచీ వెతుకుతున్నాను" అన్నాడు. చెవి మీంచి పెన్సిలు తీసుకుని, పలక మీద గీత గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

సంక్రాంతికి ఇంకా ఏడు వారాలుంది. బ్యాటరీలు రెండూ ఛార్జింగులో పెట్టి పడుకుంటున్నాడట మా వాడు.